సచిన్: ఒప్పందంలో పుట్టిన సంస్థానం

సూరత్ నుంచి ముంబయి వైపు సాగే రైలుమార్గంలో ఉధనా, భేస్తాన్ స్టేషన్లు దాటాక వచ్చే సచిన్ నేడు అద్దకం మిల్లులకు, మరమగ్గాలకు, రసాయన కర్మాగారాలకు పేరుపడిన పారిశ్రామిక వాడ. ఆ పేరు వినగానే క్రికెట్ ఆటగాడు తప్ప మరొకరు తలపునకు రాని పాఠకులకు, ఈ ఊరు 1791 నుంచి 1948 వరకు ఒక ప్రత్యేక సంస్థానానికి రాజధానిగా ఉండేదనీ, దాన్ని ఏలినవారు ఆఫ్రికా సంతతికి చెందిన ముస్లిం నవాబులనీ, వారి పాలనలో ఉన్న ప్రజల్లో అత్యధికులు గుజరాతీ మాట్లాడే హిందువులనీ తెలిస్తే ఆశ్చర్యం కలగవచ్చు. రంగులో, మతంలో, పుట్టుకలో, భాషలో ప్రజలకు ఇంత దూరంగా ఉన్న పాలకుడు వారి మధ్య ఎలా నిలదొక్కుకున్నాడు, ఆ దూరాన్ని గురించి ఎక్కడ నోరు విప్పి మాట్లాడారు, ఎక్కడ మాట్లాడకుండా దాటవేశారు అన్న ప్రశ్న ఈ చిన్న సంస్థానపు చరిత్రకు కీలకం. కర్మాగారాలు వచ్చిన తరువాత, ఒడిశా నుంచీ తెలంగాణ నుంచీ ఉత్తరప్రదేశ్ నుంచీ బిహార్ నుంచీ మనుషులు వచ్చి చేరిన ఇప్పటి సచిన్‌కు కూడా అదే ప్రశ్న వర్తిస్తుంది.

దక్షిణ గుజరాత్ తీరానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. సచిన్‌కు దక్షిణంగా అదే తీరంలో ఉన్న సంజాన్ రేవుకు ఇరాన్ నుంచి వచ్చిన పారసీకులు అక్కడి రాజును ఆశ్రయం అడిగిన వృత్తాంతాన్ని నవసారిలోని బహ్మన్ కైకోబాద్ అనే పూజారి 1600 ప్రాంతంలో పారసీ భాషలో పద్యకావ్యంగా రాశాడు. ‘కిస్సా-ఎ-సంజాన్’ అనే ఆ కావ్యంలోని ఘటనలు ఎంతవరకు చారిత్రకమన్నది పండితుల్లో తెగని వివాదమే గాని, అందులో రాజు వేసిన ప్రశ్నలు మాత్రం గమనించదగినవి. వచ్చినవారు తమ మతం ఏమిటో ముందు వివరించాలి, దేశభాషను స్వీకరించాలి, వారి స్త్రీలు ఇక్కడి కట్టు కట్టుకోవాలి, ఆయుధాలు దించాలి, పెళ్లిళ్లు సాయంకాలం జరుపుకోవాలి అన్నవి అతని షరతులు. వీటిలో మొదటిది తక్కినవాటికన్నా భిన్నమైనది, ఎందుకంటే అది తేడాను తుడిచివేయమని కాక తేడాను విప్పి చెప్పమని అడుగుతుంది. తక్కిన నాలుగూ ఆ మాట విన్న తరువాత కుదిరిన బేరం. లోకంలో ప్రసిద్ధమైన పాలు, పంచదార కథ ఆ కావ్యంలో లేదు. నిండిన పాలగిన్నెలో పంచదార కలిపి తాము ఎవరికీ అడ్డు కాబోమని మాట లేకుండానే తెలియజేశారన్న ఆ కథ తరువాత నోటిమాటగా వ్యాపించింది. కరిగిపోతామన్న హామీ ప్రజల నాలుకమీద నిలిచి, ఎదురెదురుగా కూర్చుని షరతులు మాట్లాడుకున్న ఘట్టం పుస్తకంలోనే ఉండిపోవడం ఆలోచించదగిన విషయం.

సచిన్ విషయంలో ఈ పాత్రలు తారుమారయ్యాయి. ఇక్కడ వచ్చినవాడే రాజయ్యాడు. ఈ రాజవంశం సిద్దీలది. సిద్దీలంటే తూర్పు ఆఫ్రికా నుంచి, ముఖ్యంగా అబిసీనియా (నేటి ఇథియోపియా) పరిసరాల నుంచి బానిసలుగానో సైనికులుగానో నావికులుగానో భారతదేశానికి వచ్చినవారు, వారి వంశీకులు. దక్కను చరిత్రలో వారిని హబ్షీలని కూడా అంటారు. అహ్మద్‌నగర్ నిజాంషాహీ రాజ్యాన్ని మొగలుల నుంచి ఏళ్ల తరబడి కాపాడి 1626లో మరణించిన మలిక్ అంబర్ వీరిలో అందరికన్నా ప్రసిద్ధుడు. నేటి మహారాష్ట్రలోని మురుడ్ ఊరికి ఎదురుగా సముద్రంలో ఉన్న జంజీరా ద్వీపదుర్గం వీరి ప్రధాన స్థావరం. శివాజీ ఎన్నిసార్లు ప్రయత్నించినా, అతని తరువాతివారు ఎంత పట్టుబట్టినా ఆ కోట మరాఠాలకు లొంగలేదు.

జంజీరా సిద్దీల ఆచారాల్లో ప్రస్తుత విషయానికి ముఖ్యమైనది నాయకుణ్ణి ఎన్నుకునే పద్ధతి. తండ్రి తరువాత కొడుకు అన్న నియమం వారిలో తొలినాళ్లలో గట్టిగా లేదు. నౌకాదళంలోని ప్రధాన సర్దార్లు తమలో సమర్థుడనుకున్నవాణ్ణి పెద్దగా ఒప్పుకునేవారు. ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకున్న సందర్భం కూడా ఉంది. 1670-71 ప్రాంతంలో కోట అధిపతి ఫత్ ఖాన్ శివాజీతో సంధి కుదుర్చుకుని జంజీరాను అప్పగించడానికి సిద్ధపడినప్పుడు సంబల్, కాసిం, ఖైరియత్ అనే ముగ్గురు సిద్దీ అధికారులు అతణ్ణి బంధించి, ఔరంగజేబు కొలువుతో ఒప్పందం చేసుకుని, మొగల్ నౌకాదళపు బాధ్యతను తమ చేతుల్లోకి తీసుకున్నారు. వారిలో కాసింకు దక్కిన యాకూత్ ఖాన్ బిరుదు (యాకూత్ అంటే కెంపు) తరువాత సచిన్ నవాబులందరి పేర్లలో భాగమైపోయింది. 1689-90లో బొంబాయి ద్వీపాన్ని ముట్టడించి, ఆంగ్లేయులు ఔరంగజేబును క్షమాపణ వేడి లక్షన్నర రూపాయల జరిమానా ఒప్పుకునేదాకా విడిచిపెట్టనివాడు ఈ యాకూత్ ఖానే. ఈస్టిండియా కంపెనీ చరిత్ర రాసిన ఆంగ్లేయులు ఈ అధ్యాయాన్ని త్వరత్వరగా దాటిపోవడం సహజమే.

సూరత్‌తో సిద్దీల సంబంధం ఈ నౌకాదళం ద్వారానే ఏర్పడింది. మక్కాకు వెళ్లే హజ్ యాత్రికుల ఓడలకు, వర్తకుల సరుకుకు కాపలా కాయడం సిద్దీల పని. ఆ పనికి సూరత్ రాబడి నుంచి ఏటేటా ముట్టే జీతాన్ని తన్‌ఖా అనేవారు. జీతం బకాయి పడినప్పుడల్లా సూరత్ నగరాధికారులకూ సిద్దీలకూ ఘర్షణ రేగేది. పద్దెనిమిదో శతాబ్దం మధ్యకల్లా సూరత్ కోటే సిద్దీల చేతికి వచ్చింది. 1759లో ఆంగ్లేయులు ఆ కోటనూ, దాంతోపాటు నౌకాదళపు పదవినీ తన్‌ఖానూ స్వాధీనం చేసుకున్నాక సిద్దీలు మళ్లీ జంజీరాకే పరిమితమయ్యారు.

సచిన్ పుట్టుకకు కారణం జంజీరా వారసత్వ తగాదా. 1784లో సిద్దీ అబ్దుల్ రహీం మరణించినప్పుడు గద్దె అతని కొడుకు అబ్దుల్ కరీం ఖాన్‌కు, వాడుక పేరు బాలూ మియాకు, దక్కవలసి ఉండగా సిద్దీ జౌహర్ అనే అధికారి కోటను ఆక్రమించాడు. బాలూ మియా ప్రాణం దక్కించుకుని పుణె చేరి పేష్వాను ఆశ్రయించాడు. వంద సంవత్సరాలకు పైగా తన పూర్వులు ఎవరితో యుద్ధం చేశారో వారి వాకిట్లోనే నిలబడ్డాడన్నమాట. పేష్వా మంత్రి నానా ఫడ్నవీసుకు ఇది చేతికి అందివచ్చిన అవకాశం. ఫిరంగులకు లొంగని జంజీరాపై హక్కు కాగితం మీద దొరికే దారి కనిపించింది. టిప్పు సుల్తాన్‌తో యుద్ధంలో మరాఠాల తోడు కావలసిన ఆంగ్లేయులు మధ్యవర్తులయ్యారు. 1791 జూన్ 6న కుదిరిన ఒప్పందం ప్రకారం జంజీరాపై తనకున్న హక్కును బాలూ మియా పేష్వాకు వదిలివేశాడు. బదులుగా సూరత్ సమీపంలో ఏడాదికి 75,000 రూపాయల ఆదాయం వస్తుందని అంచనా వేసిన గ్రామాలు అతనికి దక్కాయి. నవాబు బిరుదు మొగల్ చక్రవర్తి షా ఆలం నుంచి వచ్చింది. జంజీరా సిద్దీలు ఈ కాగితాన్ని లెక్కచేయలేదు, కోట పేష్వా చేతికి ఎన్నటికీ చిక్కలేదు. అంటే లేని హక్కును కొన్నవాడు నష్టపోయాడు, చేజారిన హక్కును అమ్మినవాడు రాజ్యం సంపాదించాడు.

ఈ లావాదేవీలో వంచన పాలు ఎంతో చెప్పడం కష్టమే గాని, దాని స్వభావం మాత్రం స్పష్టం. మరాఠా బ్రాహ్మణ మంత్రి, ఆఫ్రికా సంతతి ముస్లిం రాకుమారుడు, ఆంగ్ల క్రైస్తవ రాయబారి ఒకరినొకరు తమవారని నటించలేదు. ఎవరికి ఏమి కావాలో, ఎవరు ఏమి వదులుకుంటారో పైకి చెప్పుకుని, రాసుకుని, ముద్ర వేసుకున్నారు. ప్రేమాభిమానాలు లేనిచోట కూడా తేడాలున్న పక్షాలు కలిసి మనగలిగే ఏర్పాటు చేసుకోవచ్చుననడానికి సచిన్ ఒప్పందం మంచి ఉదాహరణ. అయితే అందులో నాలుగో పక్షం ఒకటి ఉంది. ఏ గ్రామాలు చేతులు మారాయో ఆ గ్రామాల జనం. వారిని ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ విధంగా ఏర్పడిన సంస్థానం ఒకే ముక్కగా కూడా లేదు. సచిన్ గ్రామాలు కొన్ని ఆంగ్ల పాలనలోని సూరత్ జిల్లా మధ్యన, కొన్ని బరోడా గైక్వాడ్ భూముల మధ్యన చెదిరి ఉండేవి. సముద్రతీరాన ఉన్న డూమస్ కూడా ఈ సంస్థానంలోదే. మొత్తం విస్తీర్ణం 50 చదరపు మైళ్లకు మించదు, జనాభా ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సుమారు 20 వేలు. అయినా నవాబుకు తొమ్మిది తుపాకుల సలామీ మర్యాద ఉండేది, సొంత ఆశ్విక దళం, బ్యాండు మేళం ఉండేవి, ఆ మేళంలో ఆఫ్రికా సంతతివారు ఉండేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో అప్పులు పెరిగి కొన్ని దశాబ్దాలపాటు పరిపాలన ఆంగ్లేయుల చేతికి వెళ్లి మళ్లీ తిరిగి వచ్చిన వైనం ఆ కాలపు చిన్న సంస్థానాల చరిత్రల్లో సర్వసాధారణం కనుక ఇక్కడ దాన్ని విస్తరించనక్కరలేదు.

విస్తరించవలసినది వేరే ఉంది. దక్షిణ గుజరాత్ గ్రామసమాజం తనను తాను రెండుగా విభజించుకుని మాట్లాడేది. భూములున్న అనావిల్ బ్రాహ్మణులు, పాటీదార్లు మొదలైనవారు ‘ఉజళీపరజ్’, అంటే తెల్లని జనం. దూబళా, చౌధరీ, ధోడియా వంటి ఆదివాసులు ‘కాళీపరజ్’, అంటే నల్లని జనం. దూబళాలలో చాలామంది హాళీలు. హాళీ అంటే పెళ్లి ఖర్చుకో మరో అవసరానికో తీసుకున్న అప్పు కింద ఆలుబిడ్డలతో సహా ఒక భూస్వామికి, అతణ్ణి ధణియామో అనేవారు, తరతరాలుగా కట్టుబడిపోయిన పాలేరు. డచ్చి సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1960లలో ఈ ప్రాంతపు గ్రామాల్లో ఉండి ఈ కట్టుబాటును లోతుగా పరిశీలించి, అందులో పోషణ, దోపిడీ ఒకదానిలో ఒకటి ఎలా కలగలిసి ఉండేవో చూపించాడు. శరీరపు రంగును బట్టి మనుషులను పైకీ కిందికీ చేర్చిన ఈ సీమలోనే ఆఫ్రికా సంతతి నవాబు సలామీలు అందుకున్నాడు. నల్లని జనం అన్న మాట అతనికి ఎవరూ వర్తింపజేయలేదు. రంగు అన్నది నిజానికి భూమికీ పనికీ పెట్టిన మారుపేరని ఇంతకన్నా సూటిగా రుజువు చేసే ఉదంతం వెతికినా దొరకదు. 1920లలో గాంధీ అనుయాయులు ‘కాళీపరజ్’ స్థానంలో ‘రానీపరజ్’, అంటే అడవి జనం, అనే పేరునూ, దూబళాకు బదులుగా హళపతి అన్న పేరునూ వాడుకలోకి తెచ్చారు. పేరు మారింది గాని అప్పు మారలేదు. 1928లో పొరుగునే జరిగిన బార్డోలీ సత్యాగ్రహం భూమిశిస్తుపై రైతుల పోరాటంగా దేశమంతటా పేరు పొందినా, హాళీకీ ధణియామోకూ మధ్య సంబంధాన్ని గురించి తేల్చి మాట్లాడే సందర్భాన్ని అది వెనక్కే నెట్టింది.

నవాబుల కుటుంబం కూడా తన మౌనాలను తాను పాటించింది. గుజరాత్‌లో సిద్దీలు రాజులు మాత్రమే కారు. భరూచ్ జిల్లాలోని రతన్‌పూర్ కొండమీద ఉన్న బావా గోర్ దర్గాను ఆశ్రయించుకుని, ధమాల్ అనే నృత్యంతో, పెద్ద డోళ్లతో ఫకీర్లుగా ఊరూరా తిరిగే పేద సిద్దీల సమాజం ఒకటి ఎప్పటినుంచో ఉంది. అకీకు అనే రంగురాతి పూసల వ్యాపారానికి ఆద్యుడుగా కూడా చెప్పుకునే బావా గోర్ ఆఫ్రికా నుంచి వచ్చిన పీరు అని వారి నమ్మకం. సచిన్, జంజీరా రాజవంశాలు పెళ్లి సంబంధాలకు తమవంటి నవాబుల కుటుంబాల వైపు చూశాయి గాని ఈ ఫకీర్ల వైపు చూడలేదు. ఒకే సముద్రం దాటి వచ్చినవారిలో ఒకరు గద్దె మీద, ఒకరు దర్గా మెట్ల మీద ఉన్నప్పుడు పుట్టుకను గురించిన మాట గద్దెకు ఇబ్బందికరం అవుతుంది. స్వాతంత్ర్యం తరువాత ఆదివాసుల జాబితాలు తయారైనప్పుడు సౌరాష్ట్ర జిల్లాల సిద్దీలకు షెడ్యూల్డ్ తెగ హోదా లభించి, సూరత్, భరూచ్ ప్రాంతాలవారికి లభించకపోవడం ఈ కథకు మరొక మలుపు.

ఈ మౌనానికి అందరికన్నా ఎక్కువ వెల చెల్లించినవారు స్త్రీలు. భారతీయ చలనచిత్ర రంగంలో తొలి మహిళా దర్శకురాలిగా గుర్తింపు పొందిన ఫాత్మా బేగం నవాబు మూడో ఇబ్రహీం యాకూత్ ఖాన్‌తో కలిసి జీవించిందనీ, ఆమె కుమార్తెలు సుల్తానా, జుబేదా, షహజాదీలు ఆయన సంతానమనీ సినిమా చరిత్రకారులు రాస్తారు. అయితే వారి వివాహానికి గాని, నవాబు ఆ బిడ్డలను తనవారిగా అంగీకరించాడనడానికి గాని పత్రం ఏదీ లేదు. ఫాత్మా బేగం 1926లో సొంత సంస్థ పెట్టి ‘బుల్‌బులే పరిస్తాన్’ తీసింది. సూరత్‌లో పుట్టిన జుబేదా 1931 మార్చి 14న విడుదలైన తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’లో కథానాయిక అయింది. సంస్థానపు దస్తావేజుల్లో చోటు దొరకని ఇంటి ఆడపిల్లల పేర్లు ఆ విధంగా సంస్థానం పేరుకన్నా దూరం వెళ్లాయి. తెలుగు పాఠకులకు ఇందులో ఒక దగ్గరి సంబంధం కూడా ఉంది: జుబేదా తరువాత హైదరాబాదులోని గ్యాన్‌బాగ్ ధన్‌రాజ్‌గిర్ల ఇంటి కోడలైంది. ధన్‌రాజ్‌గిర్లు గోసావీలు, అంటే సన్యాసి పరంపరలో వచ్చి వడ్డీవ్యాపారంతో నిజాం రాజ్యంలో పెద్ద సాహుకార్లుగా ఎదిగినవారు.

సిద్దీల ఉనికి హైదరాబాదుకు కూడా అపరిచితం కాదు. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు పంతొమ్మిదో శతాబ్దంలో పోషించిన ఆఫ్రికన్ అంగరక్షక దళం తరువాత నిజాం కొలువుకు చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా పేరుపడింది. వారు కాపురమున్న చోటు నేటికీ ఏ.సి. గార్డ్స్ అనే పిలవబడుతున్నా, ఆ రెండక్షరాల వెనుక ఏముందో అటువైపు బస్సులో వెళ్లేవారిలో చాలామందికి తెలియదు. అక్కడ సిద్దీలు సైనికులుగానే మిగిలారు. సచిన్‌లో మాత్రం రాజులయ్యారు.

1930 ఏప్రిల్ 1న సూరత్ చేరిన దండి యాత్ర మరునాడు దిండోలీ, వాంజ్‌ల మీదుగా సాగి, 3వ తేదీన బరోడా సంస్థానంలోని నవసారి చేరింది. ఆంగ్ల పాలన, సంస్థానాల పాలన చిక్కుముడిగా అల్లుకున్న ఈ నేలమీద ఒక్కరోజు నడకలో ఒక ప్రభుత్వం నుంచి మరో ప్రభుత్వంలోకి దాటవచ్చు. ఆ యాత్ర ఉద్దేశించినది ఆంగ్లేయులను గనుక సచిన్ గద్దెకు దాని సెగ నేరుగా తగలలేదు. పద్దెనిమిదేళ్ల తరువాత, 1948 మార్చి 8న, చివరి నవాబు హైదర్ యాకూత్ ఖాన్ తన సంస్థానాన్ని విలీనం చేయగా అది బొంబాయి రాష్ట్రంలోని సూరత్ జిల్లాలో కలిసిపోయింది. 1791లో లాగానే ఈసారి కూడా భూమి చేతులు మారింది సంతకంతోనే. అయితే తరువాత నాలుగేళ్లకే జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఆ గ్రామాల హాళీకీ నవాబుకూ ఒక్కొక్క ఓటే.

సచిన్ రెండో జీవితం గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థతో మొదలైంది. ఇంగ్లిషు పొడి అక్షరాలతో జి.ఐ.డి.సి. అని వ్యవహరించే ఈ సంస్థ 1962లో ఏర్పడి, రైతుల నుంచి భూమి సేకరించి, రోడ్లు, నీరు, విద్యుత్తు ఏర్పాటు చేసి, కర్మాగారాలకు స్థలాలుగా విభజించి ఇచ్చేది. సూరత్ చుట్టూ పాండేసరా, సచిన్ వాడలు ఈ పద్ధతిలో పెరిగినవే. 1982 జనవరిలో బొంబాయి నూలుమిల్లుల కార్మికులు మొదలుపెట్టిన సుదీర్ఘ సమ్మె తరువాత బట్ట ఉత్పత్తి పెద్ద మిల్లుల నుంచి భివండీ, సూరత్‌ల మరమగ్గాల షెడ్లకు మరింత వేగంగా తరలింది. 2000లో సచిన్‌లోనే దేశంలో తొలి ప్రైవేటు ప్రత్యేక ఆర్థిక మండలి ప్రారంభమైంది.

ఈ షెడ్లలోకి వచ్చినవారిలో తెలుగువారి చరిత్ర కాస్త పాతది. నిజాం రాజ్యపు తెలంగాణ జిల్లాల్లో చేనేత దెబ్బతిన్నకొద్దీ పద్మశాలీలు షోలాపూర్, బొంబాయి, భివండీ, అహ్మదాబాద్, సూరత్ దారులు పట్టారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల ఇంటిపేర్లు ఆ నగరాల నేత వాడల్లో నేటికీ వినిపిస్తాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు; సాంచాలు నడపడం సిరిసిల్లలో నేర్చి సూరత్ పోవడం, సూరత్‌లోనో భివండీలోనో నాలుగు డబ్బులు కూడబెట్టి తిరిగివచ్చి సిరిసిల్లలో సొంతంగా రెండు సాంచాలు పెట్టుకోవడం ఒక తరం నేతగాళ్ల జీవితక్రమం. షెడ్డులో కండెలు చుట్టేవారు, పడుగు పోసేవారు, సాంచా నడిపేవారు, యంత్రం బాగుచేసే జాబర్ వేరువేరు ఊళ్లవారు, వేరువేరు భాషలవారు. పనికి మనుషులను తెచ్చి, జీతానికి పూచీ ఉండి, యజమాని మాటను కూలీ భాషలోకీ కూలీ మాటను యజమాని భాషలోకీ మార్చే ముకద్దం ఈ వ్యవస్థలో నిజమైన మధ్యవర్తి. ఏ మాట దాటించాలో ఏ మాట మింగాలో నిర్ణయించేది అతనే కనుక, కూలిరేటు మీద తగాదా వచ్చినప్పుడు యజమానికి చేరేది కోపమా విన్నపమా అన్నది అతని నాలుకను బట్టి ఉండేది.

భాషల తేడాను ఒక సంస్థ బహిరంగంగా ఒప్పుకున్న ఉదాహరణ కూడా సూరత్‌లో ఉంది. అక్కడి నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి గుజరాతీతోపాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లో కూడా బడులు నడిపింది. వచ్చినవారు దేశభాష నేర్చుకోవాలన్న సంజాన్ రాజు షరతుకు ఇది దాదాపు ఎదురుదారి. పిల్లవాడు ముందు తన భాషలో అక్షరం దిద్దవచ్చుననీ, ఆ ఖర్చు నగరమే భరిస్తుందనీ చెప్పిన నిర్ణయం. తెలుగు నేలకు వందల మైళ్ల దూరంలో, తెలుగు ఓట్లు గెలుపోటములను తేల్చేంతగా లేని నగరంలో తెలుగు పలకా పుస్తకమూ ప్రభుత్వ ఖర్చుతో నడవడం చిన్న విషయమేమీ కాదు. తెలుగు రాష్ట్రాల్లోనే తెలుగు మాధ్యమం కుంచించుకుపోతున్న కాలంలో దీన్ని తలచుకోవడం కొంత ఇబ్బందిగా కూడా ఉంటుంది.

బడిలో ఒప్పుకున్న తేడా మురికివాడలో చాలాకాలం ఒప్పుకోలుకు రాలేదు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించి, కొద్ది రోజుల్లోనే లక్షలాది మంది, వారిలో ఎక్కువమంది వలస కూలీలు, రైళ్లకూ బస్సులకూ వేలాడుతూ నగరం విడిచిపోయారు. నేరం వలసవచ్చినవారి మురికిదే అన్న మాట అప్పుడు సులువుగా వినిపించింది. 1995లో నగర కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు ఆ మాటను మరోవైపు తిప్పాడు: చెత్త ఎత్తనిది నగరపాలక సంస్థ, కాలువల మీద, రోడ్ల మీద అక్రమంగా కట్టినది డబ్బున్నవారు. అధికారులు చల్లని గదుల నుంచి రోజువారీ పనిలోకి దిగాలన్న అర్థంలో ‘ఏసీ నుంచి డీసీ’ అన్న నినాదం పెట్టి, ప్రతి ఉదయం తాను సహా అందరినీ వీధుల్లోకి పంపాడు. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలాధికారికి కమిషనరు అధికారాలు అప్పగించాడు. కూల్చివేతలను పలుకుబడి గలవారి కట్టడాల నుంచి మొదలుపెట్టాడు. 1996కల్లా సూరత్‌ను చండీగఢ్ తరువాత దేశంలో రెండో శుభ్రమైన నగరంగా, వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ గుర్తించింది. ఆయన పద్ధతిలో కరకుదనం లేకపోలేదు, కూల్చివేతల్లో పేదల గుడిసెలూ పోయాయి. అయినా నియమం మేడకు ముందు, గుడిసెకు తరువాత అన్న వరుసే ఆయన మాటకు నమ్మకం తెచ్చింది. తేడాలున్న ఊరిలో పెద్దమనిషి అందరూ సమానమే అంటే ఎవరూ వినరు. సమానం కానిచోటు ఇదీ అని వేలుపెట్టి చూపినప్పుడే వింటారు. సచిన్ నవాబుల్లో ఎవరూ చేయనిది ఇదే.

అప్పటికి సచిన్ సూరత్ నగర పరిధికి బయట ఉండేది గనుక ఆ శుభ్రతా ఉద్యమం దాని దాకా రాలేదు. 2020లో నగర సరిహద్దులు విస్తరించినప్పుడు సచిన్ కూడా సూరత్ నగరపాలక సంస్థలో కలిసింది. 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ పారిశ్రామిక వాడలో ట్యాంకరులోని రసాయనాన్ని కాలువలోకి వదలడంతో విషవాయువు వ్యాపించి ఆరుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. 2024 జులై 6న సచిన్ పాలీలో ఆరంతస్తుల భవనం కూలి ఏడుగురు మరణించారు. అందులో అద్దెకున్నవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల పనిచేసే వలస కూలీలు. ప్రమాదాల తరువాత విచారణలు, అరెస్టులు జరిగాయి. అయితే పారిశ్రామిక వాడలో పనిచేసేవారి మాట వినే యంత్రాంగం ఏదన్న ప్రశ్న వాటికి ముందు నుంచీ ఉన్నదే.

ఎందుకంటే నేటి సచిన్ కూడా పాత సంస్థానం లాగానే చెదిరిన ముక్కల పాలన. ఇళ్లు, అద్దె గదులు నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నాయి. గుజరాత్‌లో జి.ఐ.డి.సి. వాడలను నోటిఫైడ్ ఏరియాలుగా, అంటే ఎన్నికైన పాలకవర్గం లేకుండా ప్రభుత్వం నియమించిన యంత్రాంగం నడిపే ప్రాంతాలుగా, ప్రకటించే పద్ధతి ఉంది. ప్రత్యేక ఆర్థిక మండలికి అభివృద్ధి కమిషనరు వేరే. సిరిసిల్ల నుంచో ఒడిశాలోని గంజాం నుంచో వచ్చిన నేతగాడు ఒక పరిధిలో నిద్రపోయి, మరో పరిధిలో పన్నెండు గంటల షిఫ్టు చేసి, ఓటు వేయడానికి సొంత ఊరి రైలెక్కుతాడు. అతని కూలిరేటును, గది అద్దెను, కాలువలో పారే నీటిని నిర్ణయించేవారిలో అతని ఓటు అడగవలసిన అవసరం ఉన్నవారు ఎవరూ లేరు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం పేర్లు నమోదు చేసి పాసుపుస్తకం ఇవ్వాలని చెప్పింది గాని, ముకద్దం చేతి చిట్టాలో ఉన్నన్ని పేర్లు సర్కారు రిజిస్టర్లలోకి ఎన్నడూ ఎక్కలేదు.